వైజాగ్ మెయిన్ రోడ్డంటే అసలు ఏ రోడ్డు? పాప ప్రాజెక్టుకి సాయం కావాలి

గాజువాక గౌరి | బుధవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా పాప ఏడో క్లాసు. "మీ ఊరి ప్రధాన వీధి, దాని చరిత్ర, అక్కడి ముఖ్యమైన కట్టడాలు" అని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. సోమవారం చార్టు పట్టుకెళ్లాలి.

నేను పుట్టింది పెందుర్తి, మెట్టింది గాజువాక. మాకు తెలిసిన మెయిన్ రోడ్డంటే హైవేనే. మా ఆయన్ని అడిగితే "జగదాంబ రాసేయ్" అన్నారు. మా అత్తగారేమో "ఏటే, మెయిన్ రోడ్డంటే మెయిన్ రోడ్డే" అన్నారు. ఎక్కడుందత్తయ్యా అంటే "టౌన్లో" అన్నారు. మరి మనం ఉన్నది టౌను కాదా అంటే ఒక చూపు చూసి టీవీ సౌండు పెంచేశారు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సెల్ఫీ సత్తి | బుధవారం, రాత్రి 9:20

బీచ్ రోడ్డు రాసేయండి అక్కా, ఆలోచనెందుకు. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం 2002 నుంచి ఉంది, విశాఖ మ్యూజియం 1991 నుంచి ఉంది. ఫొటోలు నా దగ్గరే యాభై ఉన్నాయి, పంపిస్తా.

పాత పోస్టాఫీసు | బుధవారం, రాత్రి 10:05

సత్తీ, బీచ్ రోడ్డు షికారుకి. పాప అడిగింది ప్రధాన వీధి.

గౌరమ్మా, మీ అత్తగారు చెప్పిందే రైటు. వైజాగ్‌లో "మెయిన్ రోడ్డు" అని పేరున్న రోడ్డు ఒక్కటే, వన్ టౌన్‌లో ఉంది. జగదాంబ నుంచి కిందకి దిగితే పూర్ణా మార్కెట్, అక్కణ్ణుంచి టౌన్ కొత్తరోడ్డు, కురుపాం మార్కెట్, రాణిబొమ్మ, చివరాఖరికి పాత పోస్టాఫీసు. ఆ తర్వాత ఇంక ఊరు లేదు, హార్బరే. ఇప్పటికీ సిటీ బస్సు బోర్డు మీద "పాత పోస్టాఫీసు" అని ఉంటుంది చూడండి, అదే. నేను పుట్టింది దానికి రెండు సందుల అవతల. ఏవీఎన్ కాలేజీలో డిగ్రీ అయ్యింది. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటున్నా గానీ ఎవరైనా "మీ ఊరేదండీ" అంటే నోట్లోంచి ముందొచ్చేది "టౌను" అనే మాటే.

మా చిన్నప్పుడు జగదాంబ అనే సెంటరే లేదు. ఆ చోటుని ఎల్లమ్మతోట అనేవారు. జగదాంబ థియేటర్ కట్టాకే ఆ పేరు వచ్చి, పాత పేరుని మింగేసింది. సినిమాహాలు పేరు ఊరికి నడిబొడ్డయిపోవడం మన దగ్గరే చూశాను. పూర్ణా మార్కెట్ కూడా అంతే. దాని అసలు పేరు సర్దార్ వల్లభభాయ్ పటేల్ మార్కెట్. ఆటోవాణ్ణి పటేల్ మార్కెట్‌కి పోనీమనండి, ఎక్కడికి తీసుకెళ్తాడో చూద్దాం. పక్కన పూర్ణా టాకీసు ఉండేది కాబట్టి అది పూర్ణా మార్కెట్టే.

బెల్లం అనకాపల్లి | బుధవారం, రాత్రి 10:31

పెద్దాయన చెప్పింది నిజమే. మా నాన్న అనకాపల్లి నుంచి రైలెక్కి "వాల్తేరు వెళ్తున్నా" అంటే స్టేషన్‌కి అని అర్థం. "పట్నం వెళ్తున్నా" అంటే మెయిన్ రోడ్డుకి అని. రెండూ ఒక ఊరేనని నాకు ఎనిమిదేళ్లొచ్చేదాకా తెలియదు.

పుస్తకాల పురుగు | బుధవారం, రాత్రి 11:02

ఇది తమాషాగా ఉన్నా దీని వెనక లెక్క ఉంది. వాల్తేరు, విశాఖపట్నం వేరువేరు ఊళ్లే. కింద ఇసక మీద, హార్బరు నోటి దగ్గర ఉన్నది పట్నం. పైన గట్టు మీద ఉన్నది వాల్తేరు. కంపెనీ దొరలకి కింద ఉక్కపోసి, దోమలు కుట్టి, మెల్లగా పైకెళ్లి బంగళాలు కట్టుకున్నారు. రైలొచ్చినప్పుడు స్టేషన్‌కి వాల్తేరు అనే పేరు పెట్టారు. అది విశాఖపట్నం స్టేషన్ అయింది 1987లో.

ఇంక మెయిన్ రోడ్డు సంగతి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది 1682లో. ఫ్యాక్టరీ అంటే మిషన్లు తిరిగేది కాదు, గిడ్డంగీ వర్తకుల కొట్టూ కలిసినది. బట్టలు కొని ఓడెక్కించేవారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి దాన్ని పట్టుకున్నాడు. మరుసటేడు విజయనగరం ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లని వెళ్లగొట్టి ఇంగ్లీషువాళ్లని రమ్మని కబురంపాడు. ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ దండుతో దిగింది ఇక్కడే. ఇక్కణ్ణుంచి వెళ్లే ఫ్రెంచివాళ్ల మీద చందుర్తి యుద్ధం గెలిచాడు, 1758 డిసెంబరులో.

ఇవన్నీ పుస్తకంలో ఉండిపోయాయనుకుంటాం గానీ వీధుల పేర్లు చూడండి. కోట వీధి. బురుజుపేట. సోల్జర్‌పేట. దండు బజారు. దండు అంటే సైన్యమే కదా. కోట పోయింది, బురుజు పోయింది, సోల్జర్లూ పోయారు. వాళ్ల పేర్లు మాత్రం మన కరెంటు బిల్లుల మీద ఇంకా వస్తూనే ఉన్నాయి.

బురుజుపేట కోడలు | గురువారం, ఉదయం 6:48

పుస్తకాల పురుగు గారూ, మా బురుజు కంపెనీవాళ్లదని ఎవరన్నారండీ? మా అత్తవారి తాతలనాటి నుంచి చెప్పుకునేది వేరు. ఇక్కడ విశాఖ రాజులకి కోట ఉండేదట. ఆ కోట బురుజు దగ్గరున్న అమ్మవారే కనకమహాలక్ష్మి. వాళ్ల ఇలవేల్పు. శత్రువులు వచ్చినప్పుడు అమ్మవారిని బావిలో దాచారని, 1912లో ఆ బావిలోంచి మళ్లీ తీసి వీధిలో నిలబెట్టారని చెప్తారు. 1917లో రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ వాళ్లు విగ్రహాన్ని పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు పట్టుకుందట. మళ్లీ తెచ్చి యథాస్థానంలో పెట్టాకే తగ్గిందట.

గౌరీ, పాపతో ఇది తప్పకుండా రాయించండి. అమ్మవారికి గర్భగుడి లేదు, పైన కప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆవిడ మీదే. ఎడమ చేయి మోచేతి కింద ఉండదు. అర్చకుడి చేతికి పళ్లెం ఇచ్చి నిలబడే గుడి కాదు, మన చేత్తో మనమే పసుపు రాసి కుంకుమ పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాలు మా ఇంటి ముందు నుంచి క్యూ. తెల్లవారుజామున రెండింటికి కూడా గుమ్మం తియ్యగానే ఎవరో ఒకావిడ "అమ్మా, కాస్త మంచినీళ్లు" అంటుంది. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో విసుక్కునేదాన్ని. ఇప్పుడు ముందురోజే నాలుగు బిందెలు నింపి అరుగు మీద పెడతాను.

పుస్తకాల పురుగు | గురువారం, ఉదయం 8:15

అమ్మా, నేను గుడి కథని కాదనట్లేదు. కంపెనీకి ఇక్కడ కోట ఉన్నది కాగితాల్లో ఉన్న సంగతి అన్నాను. అంతకు ముందు ఇంకో కోట ఉండకూడదని కాదు. పాత కోట ఉన్నచోటే కొత్తవాళ్లు దిగడం ఎక్కడైనా జరిగేదే.

సెల్ఫీ సత్తి | గురువారం, ఉదయం 8:22

మరి విశాఖ అనే పేరు ఎలా వచ్చింది? మా ఫ్రెండు అంటాడు దర్గా కొండ మీద

కాపలా (మోడరేటర్) | గురువారం, ఉదయం 8:30

సత్తీ, ఆపు. ఊరి పేరు మీద పోయిన ఏడాది నడిచిన థ్రెడ్డు 400 పోస్టులయ్యాక తాళం వేశాను. అది ఇక్కడికి తేవద్దు. మిగతావాళ్లు మెయిన్ రోడ్డు మీదే నడవండి.

లంగరు | గురువారం, మధ్యాహ్నం 1:40

పోర్టులో ముప్పయ్యేళ్లు చేసి రిటైరయ్యాను. నా వంతు కూడా చెప్తాను.

మెయిన్ రోడ్డు అక్కడే ఎందుకుందో తెలియాలంటే హార్బరు లేని రోజులు ఊహించుకోవాలి. 1933కి ముందు పెద్ద ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు. నడిసముద్రంలో లంగరేసుకుని నిలబడేవి. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో సరుకూ మనుషులూ వెళ్లాలి. ఆ పడవలకి ఒక్క మేకు కూడా ఉండదు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేసేవారు. కెరటం కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. రంగూను వెళ్లే మనవాళ్లు, శ్రీకాకుళం వైపు నుంచీ మన పల్లెల నుంచీ వచ్చినవాళ్లంతా, ఇలాగే పడవెక్కి స్టీమరు దాకా వెళ్లేవారు. ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చేదాకా ఉండాలి, తినాలి, కావలసింది కొనుక్కోవాలి. సముద్రానికి ఇంత దగ్గర్లో ఆ బజారు ఎందుకు పుట్టిందంటే, నన్నడిగితే ఇందుకే అంటాను.

తర్వాత యారాడ కొండ పక్కనున్న ఉప్పుటేరు, మడుగులు తవ్వి లోపలి హార్బరు చేశారు. ఇసక మేట వేయకుండా కొండ ముందు రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్ట కట్టారు. మొదటి ఓడ "జలదుర్గ" లోపలికి వచ్చింది 1933 అక్టోబరు 7న. సింధియా కంపెనీ ఓడ, మన దేశం వాళ్లదే. వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించింది డిసెంబరు 19న. చాలామంది ఈ రెండు తేదీలూ కలిపేస్తారు, పాపని జాగ్రత్తగా రాయమనండి.

పాత పోస్టాఫీసు దాటి వెళ్తే హార్బరు కాలవకి ఎదురుగా వరసగా మూడు కొండలు. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, మధ్యలో దర్గా కొండ, మూడోది వెంకటేశ్వరస్వామి కొండ. ఓడ లోపలికి వస్తుంటే మూడింటికీ దణ్ణం పెట్టిన సరంగుల్ని చూశాను నేను. ఏ మతమని కాదు, కాలవ ఇరుకు.

బెల్లం అనకాపల్లి | గురువారం, మధ్యాహ్నం 1:58

"ఏ మతమని కాదు, కాలవ ఇరుకు." 😀 ఇది మా ఆఫీసులో రాసి పెట్టుకుంటా.

పాత పోస్టాఫీసు | గురువారం, రాత్రి 8:44

లంగరు గారు హార్బరు తెచ్చారు కాబట్టి బాంబు సంగతి చెప్పాలి. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాను విమానాలు వచ్చి హార్బరు మీద బాంబులేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. మా నాయనమ్మకి అప్పుడు పందొమ్మిదేళ్లు, చంకలో మా పెద్దత్త. ఆవిడ చెప్పే కథలో విమానాలు అరనిమిషం కూడా ఉండవు. మిగతాదంతా ఊరు ఖాళీ అవడమే. మెయిన్ రోడ్డు నిండా బళ్లు, జట్కాలు, తలమీద మూటలు. ఇంటికి తాళం వేశాక గుర్తొచ్చిందట, పొయ్యి మీద పప్పు ఉందని. తాతయ్య వెనక్కి పోనివ్వలేదు. చోడవరం దగ్గర చుట్టాలింట్లో నాలుగు నెలలున్నారు. తిరిగొచ్చి తలుపు తీస్తే గిన్నె అడుగున బొగ్గు, పైన సాలెగూడు. ఆ గిన్నె ఆవిడ చచ్చేదాకా పారెయ్యలేదు. మాడు మచ్చ పోలేదు గానీ, దాన్లోనే పప్పు వండేది.

ఊరి జనమే కాదు, ఆంధ్రా యూనివర్సిటీని కూడా ఇక్కణ్ణుంచి లేపి గుంటూరు పంపించారు, యుద్ధం అయ్యేదాకా. పేలని జపాను బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. సత్తీ, నీ యాభై ఫొటోల్లో అది ఉందా?

సెల్ఫీ సత్తి | గురువారం, రాత్రి 8:51

లేదు తాతగారూ. దాని పక్కన నిలబడి సముద్రం తీశాను.

గాజువాక గౌరి | గురువారం, రాత్రి 9:30

అమ్మో, ఇంత ఉందా! ఈ పోస్టులు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ పెళ్లి పుస్తెలు కురుపాం మార్కెట్‌లోనే చేయించారట. ఇప్పుడు కదిలి కథలు మొదలెట్టారు. టీవీ కట్టేశారండీ, మా ఇంట్లో ఇది చరిత్రే.

కురుపాం మార్కెట్ ఎవరు కట్టారు? రాణిబొమ్మ ఏ రాణిది? కురుపాం రాణిదేనా?

పుస్తకాల పురుగు | గురువారం, రాత్రి 9:47

కాదండీ. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రాణిబొమ్మ అంటే విక్టోరియా మహారాణి విగ్రహం. కురుపాం మార్కెట్ కురుపాం జమీందారు కట్టించినది, 1914 నాటిది. రెండూ పక్కపక్కనే ఉండడంతో ఈ రాణిని ఆ రాజుకి కట్టబెట్టేస్తారు.

ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర జమీందార్లు పట్నంలో ఏదో ఒకటి కట్టి పేరు నిలుపుకునేవారు. టౌన్ హాలు బొబ్బిలి రాజావారి విరాళం, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టింది. సముద్రం వైపు తిరిగి ఉన్న ఆ రాతి కట్టడం ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. అంకితం వెంకట నరసింగరావు గారి భార్య ఇచ్చిన దానంతో నిలబడింది ఏవీఎన్ కాలేజీ. అందుకే దాని పూర్తి పేరు "మిసెస్ ఏవీఎన్ కాలేజీ". భర్త పేరు అందరికీ గుర్తుంది, డబ్బిచ్చిన ఆవిడ "మిసెస్" అనే మూడక్షరాల్లో మిగిలింది. బడిగా మొదలైంది 1860లో.

ఇంకొకటి, పాపకి నచ్చుతుంది. సర్ సి.వి. రామన్ వాళ్ల నాన్నగారు ఏవీఎన్‌లో లెక్కలు, ఫిజిక్సు చెప్పడానికి 1892లో ఇక్కడికి వచ్చారు. రామన్‌కి అప్పుడు నాలుగేళ్లు. చదివింది పాత ఊళ్లోనే, సెయింట్ అలోషియస్ స్కూల్లో. అది 1847 నుంచి ఉన్న బడి. పదకొండేళ్లకే మెట్రిక్ పాసై ఏవీఎన్‌లో చేరారు. నోబెల్ వచ్చిన మనిషి మన కాలేజీ డౌన్‌లో, అంటే కాలేజీ నుంచి కిందకి దిగే ఆ వాలు రోడ్డులో, నడిచాడన్నమాట.

బెల్లం అనకాపల్లి | గురువారం, రాత్రి 9:55

మా వాడు మెట్రిక్ వయసుకి బూట్ల లేసు కట్టుకోవడం నేర్చుకున్నాడు. సరే.

బురుజుపేట కోడలు | శుక్రవారం, ఉదయం 7:10

కురుపాం మార్కెట్ గురించి నేను చెప్తా, మా మావగారిది కంసాలి పనే. బయట అద్దాల షాపులు మాత్రమే చూసి రాకండి. పక్క సందుల్లోకి వెళ్తే ఇప్పటికీ చిన్న చిన్న కొట్లలో నేల మీద కూర్చుని పని చేసేవాళ్లున్నారు. ముందు చెక్కపీట, పీటకి కట్టిన గుడ్డ జోలె. ఆకురాయి పెడితే రాలే పొడి ఆ జోలెలో పడాలి. సాయంత్రం కొట్టు కట్టేసేముందు మావగారు ముందు చేతులు ఒక గిన్నెలో కడుక్కునేవారు, తర్వాత బయటి కుళాయి దగ్గర. మొదటి గిన్నెలో నీళ్లు పారబోసేవారు కాదు, అడుగున బంగారం ఉంటుందని. కొట్టు ఊడ్చిన దుమ్ముని కూడా కొనుక్కెళ్లేవాళ్లు ఉండేవారు. వీధిలో ఎవరైనా చీపురుతో కనిపిస్తే మేం చిన్నచూపు చూసేవాళ్లం కాదు.

మావగారి తాతల కాలంలో వాళ్లు బంగారమే కాదు, దంతం పని కూడా చేసేవారట.

పుస్తకాల పురుగు | శుక్రవారం, ఉదయం 7:32

అమ్మా, మీరు తేలిగ్గా చెప్పేశారు గానీ అది చాలా పెద్ద సంగతి. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో మన ఊరి పేరు లండన్‌లో తెలిసింది ఆ పని వల్లే. "వైజాగపటం పెట్టెలు" అంటే దొరసానులకి పిచ్చి. గంధపు చెక్క మీద దంతం పల్చగా పలకలు కోసి అంటించి, దాని మీద పువ్వులూ తీగలూ సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. తెల్లటి దంతం మీద నల్లటి ముగ్గులా కనిపిస్తుంది. కుర్చీలు, రాత బల్లలు, కుట్టు పెట్టెలు అన్నీ చేశారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కంసాలుల పని ఇప్పటికీ ఉంది. మన ఊళ్లో మాత్రం ఎవర్నడిగినా "ఏం పెట్టెలు?" అంటారు.

పాత పోస్టాఫీసు | శుక్రవారం, ఉదయం 9:18

మా ఇంట్లో ఒకటి ఉండేది. జానెడు పొడుగు, పక్కలకి ముళ్లపంది ముళ్లు వరసగా పేర్చి, అంచులకి తెల్ల దంతం చుక్కలు. మూత లోపలి వైపు అరలు, ఒక్కో అరకీ చిన్న బొడిపె. అమ్మ అందులో దారపు ఉండలూ గుండీలూ వేసుకునేది. మూత తీస్తే గంధం వాసన, అడుగున కాస్త కర్పూరం. ఒక ముల్లు ఊడిపోతే నేను దాంతో చెవి గోక్కుని దెబ్బలు తిన్నాను.

1983లో మేం టౌను ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఒక పాత సామాన్ల వ్యాపారి వచ్చి, ఇత్తడి గంగాళాలతోపాటు ఆ పెట్టె కూడా కలిపి మూడొందలకి పట్టుకుపోయాడు. "పురుగు పట్టిందండీ, ఎవరూ కొనరు" అన్నాడు. అమ్మ గుండీలు మటుకు ఒలిచేసుకుని పెట్టె ఇచ్చేసింది. ఇప్పుడు ఈ పోస్టు చదివి కడుపులో దేవినట్టయింది.

సెల్ఫీ సత్తి | శుక్రవారం, ఉదయం 9:25

ఇప్పుడు దొరికితే ఎంతకి అమ్మొచ్చు?

పుస్తకాల పురుగు | శుక్రవారం, ఉదయం 9:31

అమ్మకూడదు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఏనుగు దంతం కొన్నా అమ్మినా నేరమే. ఇంట్లో ఉంటే ఉన్నట్టు ముందు అటవీ శాఖ వాళ్లకి చెప్పి, వాళ్లు ఎలా చెప్తే అలా చేయాలి.

లంగరు | శుక్రవారం, సాయంత్రం 5:12

మీరంతా మెయిన్ రోడ్డు గొప్పగా చెప్తున్నారు. అది ఎందుకు చప్పబడిందో కూడా పాప రాయాలి కదా. కింద టౌన్‌కి మూడు వైపులా దారి లేదు. సముద్రం, హార్బరు, కొండలు. ఊరు పెరగాలంటే పైకి, ఉత్తరానికి పోవడమే. 1923లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), మెడికల్ కాలేజీ పైన వచ్చాయి. 1930లో యూనివర్సిటీ బెజవాడ నుంచి వాల్తేరు వచ్చింది. తర్వాత నేవీ, షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు. 1979లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. ప్రతిసారీ నడిబొడ్డు ఒక మెట్టు పైకెక్కింది. మెయిన్ రోడ్డు నుంచి జగదాంబ, జగదాంబ నుంచి ద్వారకానగర్, సిరిపురం. మా అబ్బాయికి ఇప్పుడు మధురవాడే సెంటరు.

పాత పోస్టాఫీసు | శుక్రవారం, సాయంత్రం 5:40

చప్పబడిందంటే ఒప్పుకోను. పెళ్లి కుదిరితే పసుపుకొమ్ములకీ, బొమ్మల కొలువుకీ, దీపావళి ప్రమిదలకీ జనం ఇంకా పూర్ణా మార్కెట్‌కే దిగుతున్నారు. మధురవాడవాళ్లు కూడా.

లంగరు | శుక్రవారం, సాయంత్రం 5:44

దిగుతున్నారు. కొనుక్కుని ఎక్కిపోతున్నారు. మీరూ ఎంవీపీ ఎక్కారు కదా గురువుగారూ.

పాత పోస్టాఫీసు | శుక్రవారం, సాయంత్రం 6:20

సరే, ఒప్పుకున్నా.

గౌరమ్మా, ఆదివారం పాపని తీసుకుని పొద్దున్న ఆరున్నరకి రండి. షాపులు తెరవక ముందే చూడాలి. తెరిచాక అన్నీ ఫ్లెక్సీలే. షట్టర్ల మీదకి కాదు, తలెత్తి మొదటి అంతస్తు చూడమనండి. చెక్క కమ్మీల వసారాలు, సున్నంతో చేసిన పూలతీగలు, రంగుటద్దాల ముక్కలు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. ఒక మేడకి పైన పాత చెక్క కిటికీ, కింద మొబైల్ రీచార్జి బోర్డు. పూర్ణా మార్కెట్ దగ్గర మొదలుపెట్టి పాత పోస్టాఫీసు దాకా తాపీగా నడవండి, అమ్మవారి గుడికి ఒక పక్క సందు తిరగండి. మోకాళ్ల నొప్పులు లేకపోతే నేనూ వస్తాను.

పుస్తకాల పురుగు | శుక్రవారం, సాయంత్రం 6:35

పాత యూరోపియన్ సమాధుల దొడ్డి కూడా చూపించండి. 1780 అక్టోబరు 3న ఇక్కడి సిపాయిల్ని హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడెక్కమంటే "మేం ఎక్కం" అని తిరగబడ్డారు. దొరల్ని కాల్చారు. 1857కి 77 ఏళ్ల ముందు. పాఠ్యపుస్తకంలో దీనికి ఒక్క వాక్యం కూడా

కాపలా (మోడరేటర్) | శుక్రవారం, సాయంత్రం 6:38

పురుగు గారూ, ఏడో క్లాసు పాపండీ. చార్టు ఒక్కటే.

గాజువాక గౌరి | ఆదివారం, మధ్యాహ్నం 12:50

వెళ్లొచ్చాం! పాప, నేను, మా అత్తగారు. పెద్దాయన గారు చేతికర్రతో పూర్ణా మార్కెట్ దగ్గర ముందే నిలబడి ఉన్నారు. సత్తి కూడా వచ్చాడు, ఆరుంపావుకే! వాడే ఫొటోలన్నీ తీశాడు, ఒక్కదాన్లోనూ తన మొహం లేదు.

అమ్మవారి దగ్గర పాప తనే స్వయంగా పసుపు రాసింది. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోనంటోంది. బురుజుపేట కోడలు గారు ఇంట్లోకి పిలిచి ఉప్మా పెట్టారు, మావగారి పీట చూపించారు. పీట మధ్యలో అరచేతి మందాన గుంట పడిపోయింది, ఆకురాయి పెట్టి పెట్టి. పాప అందులో వేలు పెట్టి చూసింది.

కురుపాం మార్కెట్ కమాను కింద మా అత్తగారు ఆగిపోయారు. పుస్తెలు చేసిన కొట్టు ఎడమ వైపు మూడోదని ఆవిడ, కాదు కుడి వైపని పెద్దాయన. పావుగంట వాదించుకున్నారు. చివరికి తేలిందేమిటంటే ఇద్దరూ చెప్పింది వేరువేరు కొట్లు, రెండూ ఇప్పుడు లేవు. ఒకటి ఫ్యాన్సీ షాపు, ఒకటి ఏటీఎం.

రాణిబొమ్మ దగ్గర పాప "ఈవిడ ఇక్కడికి వచ్చిందా?" అని అడిగింది. రాలేదని పెద్దాయన చెప్పారు. "మరి ఎందుకు నిలబెట్టారు?" అంది. దానికి ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం.

ఇప్పుడు చార్టు వేస్తోంది. రోడ్డు, మార్కెట్లు, మూడు కొండలు, జలదుర్గ ఓడ అన్నీ అయ్యాయి. ఒక్క డౌటు. కోట ఎక్కడ గీయాలి? ఎవరి కోట అని రాయాలి?

బురుజుపేట కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

విశాఖ రాజులది అని రాయమనండి.

పుస్తకాల పురుగు | ఆదివారం, మధ్యాహ్నం 1:06

కంపెనీది. కాగితం ఉంది.

లంగరు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

కోట వీధి మీద చుక్కల గీత గీయించి "పాత కోట" అని రాయించండి. పెన్సిల్‌తో. వీళ్లిద్దరూ ఎలాగూ చెరిపిస్తారు.

సెల్ఫీ సత్తి | ఆదివారం, మధ్యాహ్నం 1:21

తాతగారూ, వచ్చే ఆదివారం సమాధుల దొడ్డికి వెళ్దామా? పురుగు గారిని కూడా రమ్మనండి, ఆ 1780 కథ మధ్యలో ఆగిపోయింది.